కరెంటు పెట్టే చదువు ఎక్కడ చెప్పాలి?

పోయిన నెలలో ఒక ఆదివారం నరసన్నపేట నుంచి మా బావ, మేనకోడలు శ్రీకాకుళం వచ్చారు. పిల్ల ఇంటర్ బైపీసీ మంచి మార్కులతోనే పాసైంది. నీట్‌లో మాత్రం సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపే స్తోమత బావకి లేదు. అలాంటి ఇళ్ళకు ఈ రోజుల్లో కాలేజీల వాళ్ళ ఫోన్లు, పాంప్లెట్లు ఆగవు. వాటిలో ఒకటి నా చేతిలో పెట్టి, "మావయ్యా, ఇందులో చేరనా?" అని అడిగింది.

బి.ఎస్సీ. రేడియోథెరపీ టెక్నాలజీ, అంటే క్యాన్సర్‌కి రేడియేషన్ పెట్టే పని. దాని కిందే ఇంకో వరసలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ, అంటే రేడియేషన్ ఉన్న మందు సూదితో ఎక్కించి స్కాన్ తీసే పని. మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. బావకి అన్నిటికంటే నచ్చింది ఆ ఆఖరి మాటే.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను కాబట్టి నన్ను అడిగారు. నాకు మాత్రం పాఠం కంటే ముందు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. నాలుగేళ్ళ క్రితం ఆవిడకి విశాఖపట్నంలో 33 రోజులు కరెంటు పెట్టించాం. మా ఊళ్ళల్లో రేడియేషన్ అనరు, కరెంటు పెట్టడం అనే అంటారు. వేసవి సెలవులు కలిసొచ్చి, ఆ 33 రోజులూ మెషీన్ గది బయట బెంచీ మీద కూర్చున్నది నేనే. అప్పుడు చూసినదాన్ని బట్టి, మొన్న ఈ పాంప్లెట్ పట్టుకుని తిరిగినదాన్ని బట్టి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. మన జిల్లావాళ్ళకు అది రుచించకపోవచ్చు. మెషీన్ లేని చోట ఈ డిగ్రీ చెప్పకూడదు. మన ఊళ్ళో పెడతామని ఎవరైనా వస్తే, మెషీన్ చూపించమని అడిగి, లేకపోతే మనమే వద్దనాలి.

పెద్దమ్మ మాస్కు

పెద్దమ్మది అంగిట్లో క్యాన్సర్ పుండు. అడ్డపొగ అలవాటు గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ముసలమ్మలు మన ప్రతి ఊళ్ళో ఉండేవాళ్ళు. 1971లోనే ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి రాసిన వ్యాసం అచ్చయింది. అంటే ఈ జబ్బు ఇక్కడుందని ప్రపంచానికి తెలిసి యాభై ఏళ్ళు దాటింది.

తలకి, మెడకి కరెంటు పెట్టాలంటే ముందు మాస్కు చేస్తారు. ఆ గదిలో రేడియేషన్ ఉండదు కాబట్టి నన్ను లోపల ఉండనిచ్చారు. తెల్లటి ప్లాస్టిక్ పలక, దాని నిండా చిన్న చిన్న కన్నాలు. వేడినీళ్ళ తొట్టెలో వేస్తే తడిగుడ్డలా మెత్తబడిపోతుంది. పైకి తీసి నీళ్ళు ఒత్తి, పడుకున్న మనిషి ముఖం మీద పరిచి, అంచులు బల్లకి బిగిస్తారు. కొన్ని నిమిషాల్లో చల్లారి ముక్కు, గడ్డం, చెంపల అచ్చులో గట్టిపడుతుంది. ఆ తర్వాత రోజూ అదే మాస్కు పెట్టి బిగిస్తారు. మనిషి మిల్లీమీటర్లలో కూడా కదలకుండా ఉండటానికి.

ఆ రోజున్న టెక్నాలజిస్టు వేరే రాష్ట్రం కుర్రాడు. పనిమంతుడు, మర్యాదస్తుడు. "అమ్మా, మూవ్ కావొద్దు, మూవ్ కావొద్దు" అంటూ జాగ్రత్తగానే పరిచాడు. పెద్దమ్మకి ఆ మాట అర్థం కాలేదు. వేడి ప్లాస్టిక్ ముఖం మీదకి రాగానే ఊపిరి ఆడకుండా చేసేస్తున్నారనుకుంది. రెండు చేతులతో లాగి పడేసింది. లేచి కూర్చుని ఏడుపు, ఇంటికి తీసుకుపొమ్మని. నేను సముదాయించబోతే నా మాటా వినలేదు.

అక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఒక అమ్మాయి ఉంది, బొబ్బిలి వైపు పిల్ల. పలకని మళ్ళీ నీళ్ళలో వెయ్యనిచ్చి, పెద్దమ్మ పక్కన బల్లమీదే కూర్చుంది. "పెద్దమ్మా, ఇదిగో సూడు, దీని నిండా కన్నాలే. ఊపిరాడతాది. ముందు నీ సేత్తో ఒకపాలి ముట్టుకో" అని, ఒక పాత మాస్కు తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. తన ముఖం మీద పెట్టుకుని దానిలోంచి మాట్లాడి చూపించింది. "నాను ఇక్కడే ఉంటాను. నీకు బాగోకపోతే సెయ్యి ఎత్తు, ఆపేత్తాం" అంది. రెండోసారి పెద్దమ్మ కదల్లేదు. చెయ్యి ఎత్తనూ లేదు.

ఇంకో సంగతి నాలుగో వారంలో జరిగింది. నోరంతా పూసి, అంబలి తప్ప మింగలేక పెద్దమ్మ చిక్కిపోయింది. ఆ రోజు మాస్కు బిగించాక ఆ అమ్మాయి చెంప దగ్గర తన వేలు పెట్టి చూసిందట. మొన్నటిదాకా దూరని వేలు ఆ రోజు దూరింది. మెషీన్ ఆన్ చెయ్యకుండా ఆపి, సీనియర్‌కి చెప్పి, ఆయన డోసు లెక్కలు చూసే ఫిజిసిస్టుకి చెప్పి, డాక్టర్ వచ్చి చూశారు. మళ్ళీ కొత్త మాస్కు, మళ్ళీ సీటీ, మళ్ళీ ప్లాన్. మాకు మూడు రోజులు ఆలస్యమైంది, నాకు అప్పుడు విసుగే వచ్చింది. ఆ వేలు ఎంత పని చేసిందో తర్వాత చదివితే గానీ తెలియలేదు. ముఖం చిక్కితే మాస్కు లోపల తల జరుగుతుంది. జరిగితే పుండుకి పడాల్సిన కరెంటు వెన్నుపాముకో, లాలాజల గ్రంథికో పడుతుంది. కంప్యూటర్ తెరమీద అన్ని అంకెలూ సరిగ్గానే ఉంటాయి.

పాంప్లెట్ చూడగానే నాకు ఆ వేలే గుర్తొచ్చింది.

కాలేజీకి వెళ్ళాం

మరుసటి శనివారం ముగ్గురం వెళ్ళాం. పేరు అనవసరం, ఇలాంటివి చాలానే ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు ఆదరంగానే మాట్లాడారు. ల్యాబ్ చూపించమంటే చూపించారు. ఒక అస్థిపంజరం, గోడ నిండా చార్టులు, ఎక్స్‌రే ఫిల్ము పెట్టి చూసే లైటు పెట్టె, రెండు మైక్రోస్కోపులు, పది కంప్యూటర్లు. "మెషీన్ ఎక్కడండీ?" అని అడిగింది మా మేనకోడలే. "అది కోట్ల రూపాయల వస్తువమ్మా, ఏ కాలేజీ పెట్టగలదు? మూడో సంవత్సరంలో ఆస్పత్రికి పంపిస్తాం, ఒప్పందం ఉంది" అన్నారాయన. ఆ ఒప్పందం కాగితం చూపించమన్నాను. చూపించారు. దాని గడువు అంతకు ముందు ఏడాదే అయిపోయింది. "రెన్యువల్‌కి పంపాం" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పారని నేను అనను. పంపే ఉంటారు. కానీ ఒక మెషీన్ దగ్గర ఒక పూటకి ఎంతమంది విద్యార్థులు నిలబడగలరు, ఎన్ని కాలేజీల పిల్లలు అదే మెషీన్ దగ్గరికి వస్తున్నారు, ఎన్నిసార్లు ఆ పిల్ల తన చేత్తో పేషెంటుని సర్ది పడుకోబెడుతుంది అని అడిగితే జవాబు లేదు. హాజరు పట్టీ ఉంది. చేసిన పనికి పట్టీ లేదు. ఆ కాలేజీ మీద నాకున్న ఫిర్యాదు ఇదే.

2021లో పార్లమెంటు ఇలాంటి అనుబంధ వైద్య వృత్తులన్నిటికీ ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. రేడియోథెరపీ, న్యూక్లియర్ మెడిసిన్ వాళ్ళకీ గుర్తింపు, రిజిస్ట్రేషన్ దానిలో ఉన్నాయి. ఇన్నాళ్ళూ "ఎక్స్‌రే అబ్బాయి" అని పిలిపించుకున్నవాళ్ళకి అది న్యాయం. అయితే పేరు పెద్దది చేసి శిక్షణ చిన్నదిగా ఉంచితే ఆ గుర్తింపు ఎవరికి ఉపయోగం?

తెలియక చేసిన తప్పులు

రెండు సంఘటనలు నా మనసులోంచి పోవు. ఒకటి ఫ్రాన్సులో ఎపినాల్ అనే ఊరి ఆస్పత్రిది. 2004-05లో ప్రొస్టేట్ క్యాన్సర్ పేషెంట్లు 20 మందికి పైగా అవసరానికి మించి రేడియేషన్ పొందారు, కొందరు చనిపోయారు. చికిత్స లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఎంపిక బదులు ఇంకో ఎంపిక నొక్కడం దానికి మూలం. విచారణలో తేలినదేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి సరైన శిక్షణ ఇవ్వలేదు, ఫ్రెంచిలో వాడుక పుస్తకం కూడా లేదు. వాళ్ళు చదువురానివాళ్ళు కాదు. వాళ్ళ భాషలో, వాళ్ళ మెషీన్ ముందు, వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. అంత ధనిక దేశంలోనే అలా జరిగితే, చార్టులు చూసి డిగ్రీ తెచ్చుకున్న మన పిల్లల సంగతేమిటి?

రెండోది మన దేశంలోనిదే, పైగా యూనివర్సిటీలో జరిగింది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న ఒక గామా యంత్రాన్ని తుక్కు కింద వేలం వేసింది. దానిలో రేడియేషన్ చిమ్మే కోబాల్ట్-60 ఇంకా ఉంది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని కోశారు. ఒకాయన చనిపోయాడు, ఇంకొంతమంది ఆస్పత్రి పాలయ్యారు. కోబాల్ట్-60 అర్ధాయువు, అంటే అది సగమవడానికి పట్టే కాలం, 5.27 సంవత్సరాలు. ఈ అంకె నేను పదేళ్ళుగా పిల్లలకి చెప్తున్నాను, వాళ్ళు పరీక్షలో రాస్తున్నారు. ఆ యూనివర్సిటీలోనూ ఈ అంకె తెలిసినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. అంకె తెలియడం వేరు, ఎదురుగా ఉన్న ఇనప డబ్బాలో అదే ఉందని తెలియడం వేరు. టీచర్నయి ఉండి ఈ మాట రాయడం నాకు సులువు కాదు.

అవతలివాళ్ళ మాట

ఇది విన్న మా స్కూలు లెక్కల మాస్టారు ఊరుకోలేదు. "నువ్వు చెప్పినట్టయితే ఈ చదువులు ఎప్పటికీ విశాఖ, తిరుపతి, హైదరాబాద్ దాటవు. మనది వలస జిల్లా. కూలి పనికీ వలసే, చదువుకీ వలసేనా? ఆడపిల్లని అంత దూరం ఎంతమంది పంపుతారు? కాలేజీ ముందు పెడితే, మనుషులు తయారైతే, మెషీన్ వెనకాల వస్తుంది" అన్నారు.

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. మెషీన్ వచ్చాక నడిపే మనిషి లేక మూతపడి ఉన్న గదుల సంగతి ఆరోగ్య శాఖలో పనిచేసే ఎవర్ని అడిగినా చెప్తారు. మనిషి ముందా, మెషీన్ ముందా అన్నది నిజమైన చిక్కే. బావ కూడా మాస్టారి పక్షమే.

ఒక దశలో నేను మధ్యేమార్గం ఆలోచించాను. మొదటి రెండేళ్ళు ఎచ్చెర్లలోని మన అంబేద్కర్ యూనివర్సిటీ లాంటి చోట భౌతికశాస్త్రం, శరీర నిర్మాణం, రేడియేషన్ జీవశాస్త్రం చెప్పి, మిగతా రెండేళ్ళు విశాఖలో మెషీన్ దగ్గర పెట్టొచ్చు కదా అని. పేపరు మీద బాగుంటుంది. పెద్దమ్మ చికిత్స రోజుల్లో పరిచయమైన ఆ బొబ్బిలి అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఆమె ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. "సార్, మా బ్యాచ్‌లో ఇద్దరు మూడో సంవత్సరంలో మొదటిసారి పేషెంట్లని చూసి మానేశారు. ముఖం మీద పుండు, వాసన, ఏడుపు వాళ్ళు తట్టుకోలేకపోయారు. మొదటి నెల్లోనే చూసుంటే వేరే చదువు చదువుకునేవాళ్ళు" అంది. ఆ ఇద్దరూ పోగొట్టుకున్నది రెండేళ్ళు, తల్లిదండ్రుల డబ్బు. నా మధ్యేమార్గం అక్కడితో పడిపోయింది. చదువు ఇక్కడ మొదలుపెట్టినా సరే, మొదటి ఏడాది నుంచే నెలకి ఒక వారం మెషీన్ దగ్గర ఉండాలి. అది కుదరకపోతే మొదలుపెట్టకూడదు.

ఇంకో అభ్యంతరం కంప్యూటర్ వాళ్ళది. ఇంగ్లండులో హల్ యూనివర్సిటీ వాళ్ళు 'వెర్ట్' అనే సిమ్యులేటర్ తయారుచేశారు. చికిత్స గదిని గోడంత తెరమీద చూపిస్తుంది, విద్యార్థి రిమోట్ పట్టుకుని బల్లని, యంత్రాన్ని తిప్పుతూ నేర్చుకోవచ్చు. మంచిదే. పేషెంటు మీద చెయ్యి వేసే ముందు వంద తప్పులు తెరమీద చెయ్యనివ్వండి. కానీ అది నిజమైన గదిలోకి వెళ్ళే ముందు చేసే అభ్యాసం. ఆ గదికి బదులు కాదు. తెరమీద మనిషి చిక్కిపోదు, మాస్కు లాగి పడెయ్యదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టెక్నాలజిస్టు ఏ రాష్ట్రంవాడైనా నాకు అభ్యంతరం లేదు, మన పిల్లలు కూడా దేశమంతా వెళ్ళి పనిచేస్తున్నారు. నేను అడిగేది, పేషెంటుకి అర్థమయ్యేలా చెప్పి కదలకుండా ఉంచడం ప్రాక్టికల్ పరీక్షలో మార్కులున్న అంశం కావాలని. ఇప్పుడు దాన్ని మంచితనం కింద లెక్కవేస్తున్నారు. మెషీన్ ఎంత కచ్చితమైనదైనా, భయపడిన మనిషి కదిలితే గురి తప్పుతుంది. అలాంటప్పుడు భయం తియ్యడం కూడా టెక్నిక్‌లో భాగమే కదా.

కొవ్వాడ భయం, ఉద్దానం అవసరం

పాంప్లెట్‌లో రెండో వరస, న్యూక్లియర్ మెడిసిన్ దగ్గరికి వచ్చేసరికి మా ఇంట్లో గొడవ వేరే దారి పట్టింది. మా అక్క ఫోన్ చేసి, "రణస్థలం వైపు ఊళ్ళకి ఊళ్ళు అణువంటే బెంబేలెత్తిపోతుంటే, నువ్వు పిల్లని ఆ చదువుకి పంపుతావేట్రా? రేపు సంబంధాలొస్తే ఏం చెప్పాలి?" అంది. కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామన్న మాట విన్నప్పటి నుంచి మన జిల్లాలో అణు అనే మాటకి ఆ అర్థం ఒక్కటే. ఆ ప్రాజెక్టు మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. అక్క భయాన్ని మాత్రం కొట్టిపారెయ్యలేను. ఈ పనిలో ప్రమాదం లేదంటే అబద్ధం చెప్పినట్టే.

అక్కకి నేను చెప్పినది ఇది. క్యాన్సర్‌కి వాడే లినాక్ యంత్రం స్విచ్ ఆపితే రేడియేషన్ ఆగిపోతుంది. న్యూక్లియర్ మెడిసిన్‌లో అలా కాదు, మందే రేడియేషన్. సూది వేశాక పేషెంటు శరీరం నుంచే అది వస్తుంది. ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం ఆరు గంటలకి సగమైపోతుంది. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 అయితే 110 నిమిషాలకే. అది విశాఖలో తయారైందనుకుంటే, కారులో శ్రీకాకుళం తెచ్చేసరికి సగమే మిగులుతుంది. అందుకే ఇక్కడ ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది. మందు సిరంజిలోకి తియ్యడం, కొలవడం, సీసపు తొడుగులో పెట్టి తీసుకెళ్ళడం, సూది వెయ్యడం అన్నీ చకచకా చెయ్యాలి, తొందరపడకుండా చెయ్యాలి. రేడియేషన్ నుంచి కాపాడుకోవడానికి మూడే మాటలు: తక్కువసేపు, ఎక్కువ దూరం, మధ్యలో అడ్డు. దూరం రెట్టింపు చేస్తే డోసు నాలుగో వంతు అవుతుందని నేను బోర్డు మీద గీసి చెప్తాను. చేతి వేళ్ళకి అది అలవాటు కావాలంటే మాత్రం ఎన్నోసార్లు చెయ్యాలి, పక్కన తెలిసినవాళ్ళు నిలబడి చూడాలి. వీళ్ళ ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, మూడు నెలలకోసారి ఎంత డోసు పడిందో దాన్ని చూసి చెప్తారు. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి పడిన డోసుని కొలిచే కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సరిగ్గా నేర్చుకుని పనిచేసేవాళ్ళు ఆ హద్దుకి చాలా దిగువనే ఉంటారు. సరిగ్గా నేర్పని చోట చదివిన పిల్ల గురించి నేను ఆ మాట ఇవ్వలేను. అక్క భయానికి నిజమైన జవాబు కూడా మంచి శిక్షణే.

ఈ చదువు మన జిల్లాకి ఎంత అవసరమో అక్కకి తెలియనిది కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఉద్దానంలో కిడ్నీలు పోయిన ఇళ్ళు మా చుట్టరికాల్లోనే ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం మొదలయ్యాయి. కిడ్నీ ఎంత పనిచేస్తోందో, కుడిది ఎంత ఎడమది ఎంత అని విడివిడిగా చెప్పే పరీక్ష న్యూక్లియర్ మెడిసిన్‌లో ఉంది, రీనోగ్రామ్ అంటారు. డీటీపీఏ అనే మందుకి టెక్నీషియం కలిపి సూది వేసి, అదే క్షణంలో గామా కెమెరా మొదలుపెట్టాలి. సూది నరంలో సరిగ్గా పడక మందు కండలోకి కారితే కిడ్నీ లెక్క తప్పు వస్తుంది. డాక్టర్ ఆ తప్పు లెక్కనే నమ్మి మందు రాస్తాడు. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ సూదులు పొడిపించుకుని నరాలు దొరకని చేతులు మనవాళ్ళవి. ఆ చేతిలో ఒక్కసారికే సూది దించగలిగిన పిల్ల కావాలి. అలాంటి పిల్ల పదికంప్యూటర్ల గదిలో తయారవదు.

నేను అడిగేది

యూనివర్సిటీలు ఈ కోర్సుకి అనుమతి ఇచ్చేటప్పుడు కాలేజీ భవనం కొలవడం కాదు, మెషీన్ గంటలు కొలవాలి. ఆ మెషీన్ దగ్గర ఎంతమంది నేర్చుకోగలరో సీట్లు అన్నే ఉండాలి, ఆరంటే ఆరే. ప్రతి విద్యార్థి తన చేత్తో ఎంతమందిని సర్దింది, ఎన్ని మాస్కులు చేసింది, ఎన్ని సూదులు వేసింది అన్నది పుస్తకంలో రాసి, చూసినవాళ్ళ సంతకం ఉండాలి. ఆ పుస్తకం నిండకపోతే డిగ్రీ ఇవ్వకూడదు.

ఇక దూరం పంపలేని తండ్రుల సంగతి. లెక్కల మాస్టారు అన్నది నిజమే కాబట్టి, దానికి జవాబు డబ్బు రూపంలో ఉండాలి. ఉత్తరాంధ్ర నుంచి ఈ చదువుకి వెళ్ళే పిల్లలకి హాస్టల్ ఖర్చు, ఇంటర్న్‌షిప్ ఏడాదికి బతకగలిగేంత స్టైపెండ్ ప్రభుత్వం ఇవ్వాలి. ఇక్కడ భవనం కట్టడానికి అయ్యే ఖర్చులో అది ఎన్నో వంతు? తిరిగొచ్చి జిల్లాలో కొన్నేళ్ళు పనిచెయ్యాలని షరతు పెట్టినా తప్పులేదు.

మా మేనకోడలు ఆ శనివారం కాలేజీ నుంచి వస్తూ పెద్దమ్మ ఇంటికి వెళ్దామంది. పెద్దమ్మ బాగానే ఉంది, కారం తినలేదు అంతే. అడ్డపొగ మానేసింది. మాస్కుని బీరువా మీద గుడ్డ చుట్టి దాచుకుంది. పిల్ల దాన్ని దించి, దులిపి, నేలమీద పడుకుని తన ముఖం మీద పెట్టుకుంది. ఎవరి ముఖం అచ్చు వాళ్ళదే కదా, దానికి పట్టలేదు. గడ్డం దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ, "ఇది బిగించినప్పుడు నీకు దురద పుడితే ఏం చేసేదానివి పెద్దమ్మమ్మా?" అని అడిగింది. "ఆ గుంటకి సెయ్యెత్తి సెప్పేదాన్ని. ఇప్పి, గోకి, మళ్ళీ ఎట్టేది" అంది పెద్దమ్మ.

బావ గుమ్మంలో కూర్చుని ఇదంతా చూశాడు. దారిలో బండి ఆపి, "విశాఖలో హాస్టల్ నెలకెంతవుద్ది బావా?" అని అడిగాడు. తెలిసినంత చెప్పాను. సగం నేను పెట్టుకుంటానన్నాను. బావ ఇంకా ఏమీ తేల్చి చెప్పలేదు. సోమవారం అక్కతో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాడు.